మధురవాణి ఎందుకు వెనక్కి తగ్గింది? కన్యాశుల్కం పాత్రల ఉద్దేశాలను చదవడం ఎలా?

ముందు ప్రశ్న క్లుప్తంగా చెప్పేస్తాను. ఎం.ఏ. తెలుగు చదువుతున్న ఒకరు గురజాడ అప్పారావు నాటకం కన్యాశుల్కం మీద వ్యాసం రాశారు. గిరీశం మోసగాడు, మధురవాణి మనసున్న మనిషి, సౌజన్యారావు ఆదర్శవాది, అగ్నిహోత్రావధాన్లు మూర్ఖుడు అని పేజీలు నింపితే, వాళ్ళ మేడమ్ "ఇది పాత్రల పరిచయం, విశ్లేషణ కాదు" అని తిప్పి పంపారట. పాత్ర ఉద్దేశాన్ని, ఆ పాత్ర తీసుకున్న నైతిక నిర్ణయాన్ని విశ్లేషించడం అంటే అసలు ఏం చేయాలి అని అడుగుతున్నారు.

మీ మేడమ్ చెప్పింది సరైన మాట. డిగ్రీ, పీజీ క్లాసుల్లో చాలా ఏళ్ళు ఈ నాటకం పాఠం చెప్పినవాణ్ణి కాబట్టి కొంచెం వివరంగానే రాస్తాను. మీరు పాత్రలకు పెట్టిన ఆ నాలుగు పేర్లు తప్పని నేను అనను. కానీ అవి మొదటి రెండు అంకాలు చదివినవాళ్ళు ఎవరైనా చెప్పగలిగినవే. గురజాడ ఏడు అంకాలు రాసింది ఆ పేర్లు నిలబడతాయా లేదా అని పరీక్షించడానికి.

నేను విద్యార్థులకు చెప్పే పద్ధతి ఒక్కటే. పాత్ర స్వభావం గురించి రాయడం పక్కన పెట్టండి. ఆ పాత్ర ఏదో ఒకటి తేల్చుకోక తప్పని ఘట్టం వెతకండి. అక్కడ ఆగి చూడండి: ఆ సమయానికి ఆ మనిషికి ఏం తెలుసు? ఇంకో దారి ఉందా? తేల్చుకున్నాక ఆ నిర్ణయం ఖర్చు ఎవరి నెత్తిన పడింది? ఈ మూడింటిలో నాకు చివరిదే ముఖ్యం. ఎందుకంటే ఉద్దేశం గురించి పాత్రలు చెప్పుకునే మాటలు నమ్మడానికి వీల్లేదు. ఈ నాటకంలో ప్రతివాడూ తన పనికి ఒక మంచి పేరు పెట్టుకునే ఉంటాడు. మాట ఎవరైనా చెప్తారు, చేతి నుంచి పోయేది ఎవరిది అన్నదాంట్లో మనిషి బయటపడతాడు.

దీనికి ముందు ఒక్క విషయం. "ఆ కాలం వేరు, ఈనాటి నీతితో తూచకూడదు" అని కొందరు అంటారు. ఆ కాలమేమిటో కొంచెం చూడండి. వితంతు వివాహానికి 1856లోనే చట్టం వచ్చింది. రాజమండ్రిలో వీరేశలింగం పంతులుగారు మొదటి వితంతు వివాహం చేయించింది 1881లో. ఈ నాటకం మొదటిసారి విజయనగరంలో ఆడింది 1892లో, అచ్చయింది 1897లో. మనం ఇప్పుడు చదువుతున్నది బాగా పెంచి తిరగరాసిన 1909 నాటి ప్రతి. మొదటి కూర్పుకు ఇంగ్లీషులో రాసిన ముందుమాటలో గురజాడ ఒక లెక్క ఇచ్చారు. విజయనగరం మహారాజు ఆనంద గజపతి తయారు చేయించిన ఆ జాబితా ప్రకారం విశాఖ జిల్లాలో బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్ళలో 1034 శుల్క వివాహాలు, అంటే పెళ్ళికొడుకు దగ్గర డబ్బు పుచ్చుకుని పిల్లనిచ్చే పెళ్ళిళ్ళు, జరిగాయి. అందులో అయిదేళ్ళ లోపు పసిపిల్లలు కూడా ఉన్నారు. అంటే ఇది అప్పటికే తప్పని కొందరికి తెలిసిన సంగతి, వాదనలు నడుస్తున్న సంగతి. ఆ రోజుల్లో మనుషులకు ఇంకో దారి కనబడలేదు అనడానికి లేదు.

ఇక అగ్నిహోత్రావధాన్లు. ఈయన దగ్గర ఎక్కువసేపు ఆగక్కర్లేదు గానీ ఒక్క మాట దగ్గర ఆగాలి. పెద్దకూతురు బుచ్చమ్మను డబ్బు పుచ్చుకుని ముసలివాడికి ఇచ్చాడు, ఆ పిల్ల వితంతువై కళ్ళముందే తిరుగుతోంది. ఇప్పుడు చిన్నకూతురు సుబ్బిని పద్ధెనిమిది వందలకు లుబ్ధావధాన్లనే ముసలివాడికి ఇస్తానంటున్నాడు. భార్య ఏడుస్తోంది, బావమరిది కరటకశాస్త్రి వద్దంటున్నాడు. అప్పుడు ఆయన అనే మాట తెలుగువాళ్ళందరికీ నోటికి వచ్చిందే: "తాంబూలాలిచ్చేశాను, ఇహ తన్నుకు చావండి." నవ్వేసి ముందుకు పోతాం. కానీ ఈ వాక్యం ఎలా పనిచేస్తోందో చూడండి. తాంబూలాలు ఇచ్చింది తనే. ఆ ఇచ్చిన పనిని ఇప్పుడు తన చేతుల్లో లేని విషయంలా చూపిస్తున్నాడు. నిర్ణయం తీసుకున్నవాడు, అది ఎక్కడో జరిగిపోయింది నేనేం చేయను అంటున్నాడు. ఈనాటికీ ఇళ్ళల్లో పెద్ద తప్పులు జరిగేది ఈ వ్యాకరణంలోనే: "మాట ఇచ్చేశాం", "అడ్వాన్స్ ఇచ్చేశాం", "కార్డులు పంచేశాం". ఆయన్ని మూర్ఖుడు అని రాసేస్తే ఇదంతా తప్పిపోతుంది. మూర్ఖుడికి తెలియదు. ఈయనకు తెలుసు, పెద్దకూతురు రోజూ ఎదురుగా కనిపిస్తూనే ఉంది.

కరటకశాస్త్రి దగ్గర నా విద్యార్థులు ఎప్పుడూ తేలిగ్గా పాస్ మార్కులు వేసేవాళ్ళు. మేనకోడల్ని కాపాడటానికి తన శిష్యుడికి ఆడపిల్ల వేషం వేసి, గుంటూరు శాస్తుర్లునని చెప్పుకుని, లుబ్ధావధాన్లకు ఆ "పిల్ల"ను తక్కువ ధరకు అంటగడతాడు. మంచి పని, తెలివైన పథకం, చూసేవాళ్ళకు సరదా. అయితే ఖర్చు ఎవరిదో లెక్క వేయండి. వేషం వేసి రాత్రిపూట ముసలివాడి ఇంట్లో ఇరుక్కుని, దొరికితే తన్నులు తినాల్సింది ఆ కుర్రాడు. పెళ్ళికని పెట్టిన కంటె, అంటే మెడలో వేసుకునే నగ, సాని మధురవాణిది. పిల్ల మాయమయ్యాక, పెళ్ళికూతుర్ని చంపేశాడన్న అభియోగం వచ్చి పడింది లుబ్ధావధాన్ల మీద. ఆయన పిసినారి, కాటికి కాళ్ళు చాపిన వయసులో చిన్నపిల్లను కొనుక్కోబోయినవాడు, నిజమే. హంతకుడు మాత్రం కాదు. తప్పు చేసినవాడి మీదే చేయని తప్పు మోపి, ఇప్పుడు వీడి మీద జాలి పడతావా లేదా అని గురజాడ మనల్ని అడుగుతున్నారు. నేనైతే పడతాను. ఆ జాలి పడకపోతే నాటకం రెండో సగం సరిగ్గా అర్థం కాదు.

ఇంకో చిన్న సంగతి ఉంది, చాలామంది దాటేస్తారు. శిష్యుడు ఇంత పని ఎందుకు చేస్తాడు? పథకం పారితే తన కూతుర్ని ఇచ్చి పెళ్ళి చేస్తానని గురువు ఆశ పెట్టాడు. ఆడపిల్లను సరుకుగా చూడకూడదని బయల్దేరిన మనిషి, ఆ పనికి కూలిగా తన ఆడపిల్లను రాసిచ్చాడు. ఆ అమ్మాయిని అడిగినట్టు ఎక్కడా లేదు. కరటకశాస్త్రిని చెడ్డవాడని నేను అనను. ఆ ఇంట్లో సుబ్బి కోసం కదిలిన మగవాడు ఆయనొక్కడే. అయినా ఆ కాలపు అలవాటు మంచివాడి చేతుల్లో కూడా ఎలా కొనసాగుతోందో ఇంత స్పష్టంగా ఇంకెక్కడా దొరకదు. వ్యాసంలో ఇలాంటివి పట్టుకుంటే మీ మేడమ్ తిప్పి పంపరు.

గిరీశం గురించి అందరూ చాలానే రాశారు, నేను రెండు ముక్కలు మాత్రం చెప్తాను. అతను ఎప్పుడూ అబద్ధమే చెప్తాడనుకోవడం పొరపాటు. వితంతు వివాహం గురించి అతను చెప్పే వాదనల్లో చాలాభాగం సరైనవే. ఒపీనియన్లు అప్పుడప్పుడు మార్చుకుంటూ ఉండాలనే మనిషి నోట్లోంచి సంస్కర్తల మాటలు వస్తున్నాయి. మంచి మాట చెడ్డవాడు చెప్తే ఆ మాట చెడ్డదవుతుందా? కాదు. మరి అతనిలో తప్పెక్కడ? మళ్ళీ ఖర్చు దగ్గరకే రండి. పెళ్ళి చేసుకుంటానని వితంతువు బుచ్చమ్మను ఇంట్లోంచి తీసుకుపోయిన ఈ సాహసంలో గిరీశం పోగొట్టుకునేది ఏమీ లేదు. విజయనగరంలో అప్పులు, పూటకూళ్ళమ్మ చీపురు, పోయిన పరువు, అన్నీ వెనకే వదిలేసి వచ్చాడు. బుచ్చమ్మకు మాత్రం ఇల్లు, తల్లి, ఊరు, పేరు అన్నీ పోతాయి. పైగా తన గతం ఆమెకు చెప్పలేదు, ఆశ్రయం ఇచ్చిన సౌజన్యారావుకూ చెప్పలేదు. అవతలివాళ్ళు తేల్చుకోవడానికి అవసరమైన సమాచారమే దాచేశాడు.

చివర్లో గుట్టు బయటపడ్డాక అతని నోట వచ్చే మాట చూడండి: "డామిట్! కథ అడ్డంగా తిరిగింది." ఇక్కడ కూడా అందరూ నవ్వుతారు, నేనూ నవ్వుతాను. ఆ క్షణంలో బుచ్చమ్మ ఏమైపోతుందన్న ఊసు లేదు. అతనికి ఇదొక కథ, తను అందులో నాయకుడు, అంతే. అతని ఉద్దేశం ఏమిటని ఇంకే ఆధారమూ వెతకనక్కర్లేదు.

బుచ్చమ్మ దగ్గర మాత్రం ఆగండి. దాదాపు అందరూ ఈమెను అమాయకురాలు, మోసపోయింది అని ఒక లైనులో తేల్చేస్తారు. అది ఆమెకు అన్యాయం. ఆమె గిరీశంతో వెళ్ళడానికి ఒప్పుకున్న తీరు చూడండి. తనకు మళ్ళీ పెళ్ళి అనే ఊహ వింటేనే భయపడిన పిల్ల. తండ్రి కోపం తెలుసు. చెల్లెలి పెళ్ళి తప్పించే దారి కూడా ఇదేనని గిరీశం నచ్చజెప్పినప్పుడు ఆమె మనసు కదులుతుంది. తనకు జరిగినదే సుబ్బికి జరగబోతోందని ఆ ఇంట్లో అందరికన్నా ఆమెకే బాగా తెలుసు, అనుభవించింది కాబట్టి. గిరీశం ఆ బాధను ఎరగా వాడుకున్నాడు, అది అతని పాపం. ఆ బాధ మాత్రం ఆమెది, నిజమైనది. ప్రేమ ఉందా అంటే కొంత ఉంది. భయం ఉంది. చెల్లెలి మీద మమకారం ఉంది. ఒక నిర్ణయం వెనక ఒకటే కారణం ఉండాలని పరీక్ష పేపర్ కోరుతుందేమో, మనుషులు అలా ఉండరు. అన్నిటికన్నా ఎక్కువ పోగొట్టుకోబోతున్న మనిషి, అన్నిటికన్నా తక్కువ తెలిసిన మనిషి, మరొకరి కోసం కదిలింది. అబద్ధపు సమాచారం మీద తీసుకున్న నిర్ణయం అయినా అందులో ధైర్యం ఉంది. నా లెక్కలో ఈ నాటకంలో నైతికంగా గట్టి నిర్ణయాలు తీసుకున్నది ఇద్దరు, అందులో బుచ్చమ్మ ఒకరు.

రెండో మనిషి మధురవాణి. ఇక్కడికి రావడానికే ఇంతసేపూ రాశాను.

చివరి అంకం. లుబ్ధావధాన్లు హత్యానేరంలో ఇరుక్కున్నాడు. ఆయన తరఫున నిలబడ్డది విశాఖపట్నం వకీలు సౌజన్యారావు పంతులు. ఆయన యాంటీ నాచ్, అంటే సానులను చూడను, వాళ్ళతో మాట్లాడను అని వ్రతం పట్టినవాడు. మధురవాణి మగవేషంలో ఆయన ఇంటికి వస్తుంది. కేసులోంచి ఆ ముసలాయన్ని బయటపడేసే రహస్యం ఒక సానికి తెలుసునని చెబుతుంది, దానికి ధర అడుగుతుంది. తనెవరో బయటపడ్డాక ఆ ధర ఒక ముద్దు దగ్గరకు వచ్చి ఆగుతుంది. పంతులుగారు చాలా నలిగి, చివరికి ఒప్పుకుంటారు. తీరా ఆయన దగ్గరకు వచ్చేసరికి ఆమె వద్దంటుంది. చెడనివాళ్ళను చెడగొట్టవద్దని తల్లి చెప్పిందని కారణం చెబుతుంది. రహస్యం మాత్రం ఇచ్చేస్తుంది.

ముందు సౌజన్యారావు వైపు నుంచి చూద్దాం. ఆయన వ్రతం ఎవరి కోసం? వేశ్యావృత్తి పోవాలనే లక్ష్యం పెద్దది, సందేహం లేదు. వ్రతం మాత్రం ఎక్కువగా తన శుభ్రత కోసం. సానిని చూడకపోతే సాని బతుకు మారదు. ఇప్పుడు ఎదురుగా ఒక మనిషి ప్రాణం, ఇటు తన వ్రతం. వ్రతం నిలబెట్టుకుంటే ఖర్చు లుబ్ధావధాన్లది. వ్రతం పోతే ఖర్చు తనది. ఆయన తన ఖర్చునే ఎంచుకున్నాడు. నాకు ఆయన మీద గౌరవం కలిగింది ఆ ఒప్పుకున్న క్షణంలోనే, అంతకుముందు ఉపన్యాసాల్లో కాదు. చాలామంది విమర్శకులు దీన్ని ఆయన బలహీనత అన్నట్టు రాస్తారు. నేను ఒప్పుకోను. అది ఆయన జీవితంలో మొదటిసారి నియమానికి, నీతికి తేడా చూసిన గడియ.

మధురవాణి ఎందుకు వెనక్కి తగ్గింది? మూడు రకాల జవాబులు వినిపిస్తాయి. మంచి మనసు కాబట్టి అని కొందరు. ఆయన మీద ప్రేమ పుట్టింది కాబట్టి అని కొందరు. తనను చూడనన్న మనిషి తనంతట తానే దగ్గరకు వచ్చాడు, ఆ గెలుపు చాలు, ముద్దు అక్కర్లేదు అని ఇంకొందరు. మూడింటికీ నాటకంలో కొంత ఆధారం ఉంది. అందులో అభిమానం, అంటే తన జాతిని చిన్నచూపు చూసిన మనిషి దగ్గర తలెత్తుకోవాలనే పట్టుదల, గట్టిగానే ఉందని నా నమ్మకం. కానీ ఆమె స్వయంగా చెప్పిన కారణాన్ని ఎవరూ తీవ్రంగా తీసుకోరు. తల్లి చెప్పింది అంది. ఆ తల్లి ఎవరు? ఆమె కూడా సానే. అంటే ఆ నీతి ఆమెకు సంస్కర్తల దగ్గర నుంచి రాలేదు, పురాణ కాలక్షేపం నుంచి రాలేదు. ఆ వృత్తి లోపల, తల్లి నుంచి కూతురికి వచ్చింది.

ఇది పట్టుకుని వెనక్కి వెళ్ళి చదవండి, మొదటి అంకం నుంచి మధురవాణి అంతా ఒక తీరుగా కనిపిస్తుంది. గిరీశం తర్వాత ఆమెను ఉంచుకున్న రామప్పపంతులు మొదట్లో చొరవ చేయబోతే, తను ఇంకా గిరీశం పోషణలో ఉన్నానని గుర్తుచేసి ఆపింది. పోషించేవాడు ఎలాంటివాడైనా ఆ ఒప్పందం ఉన్నన్నాళ్ళు దానికి విలువ ఇచ్చింది. కంటె విషయంలో రామప్పపంతుల్ని ముప్పుతిప్పలు పెట్టింది, అది తన సొత్తు కాబట్టి. డబ్బు విషయంలో ఎప్పుడూ సిగ్గుపడలేదు, లెక్క తప్పలేదు. ఆమె వేశ్య అయినా మంచిది అని మనం అలవాటుగా రాస్తాం. ఆ "అయినా" తీసేయండి. ఆమె కట్టుబాట్లన్నీ ఆమె వృత్తిలోంచే వచ్చాయి. మోసపు పెళ్ళిళ్ళు చేసే అగ్రహారాలతో పోలిస్తే ఇచ్చిన మాటకు, పుచ్చుకున్న డబ్బుకు ఎక్కువ విలువ ఆమె దగ్గరే ఉంది. ఎక్కడ డబ్బు పుచ్చుకోవచ్చో, ఎక్కడ పుచ్చుకోకూడదో తెలిసిన మనిషి ఆ నాటకం మొత్తంలో ఆమె ఒక్కతే.

ఖర్చు లెక్క కూడా వేయండి. ఆమె అక్కడికి రాకపోయినా ఎవరూ అడగరు. లుబ్ధావధాన్లు ఆమెకు ఏమీ కాడు. కరటకశాస్త్రి పథకంలో తన చెయ్యి ఉంది కాబట్టి, అందువల్ల ఒక నిర్దోషికి శిక్ష పడకూడదు అనుకుంది. తను కొంత కారణమైన నష్టానికి తనే జవాబుదారీ అనుకున్న మనిషి ఇక్కడ ఆమె ఒక్కతే కనిపిస్తుంది. ఆ ఇంట్లోనే గిరీశం అసలు రంగు బయటపెట్టి బుచ్చమ్మను కూడా కాపాడింది. అందుకు ఆమె పుచ్చుకున్నది ఏమీ లేదు, అడిగిన ముద్దు కూడా వదిలేసింది.

పంతులుగారు ఆమెకు భగవద్గీత ఇస్తారు. ఈ ఘట్టం మీద మీరు సొంతంగా ఆలోచించండి. నాకు మాత్రం ఆ గదిలో పాఠం చెప్పినది ఆమె, పుస్తకం అందుకున్నదీ ఆమే అనిపిస్తుంది. శ్రీకృష్ణుడు యాంటీ నాచా అని ఆమె అడిగే ప్రశ్నకు పంతులుగారి దగ్గర సరైన జవాబు లేదు. 1897 కూర్పులో కన్నా 1909 కూర్పులో ఆమె పాత్ర ఎంతో పెరిగింది. పన్నెండేళ్ళు ఆలోచించాక గురజాడ ఆమెకే ఎక్కువ చోటు ఇచ్చారు. రెండు కూర్పులూ లైబ్రరీలో దొరికితే పక్కపక్కన పెట్టి చదవండి, వ్యాసానికి అంతకన్నా మంచి సరుకు దొరకదు.

ఇక రాసే పద్ధతి. పాత్రకొక పేరా వద్దు, నిర్ణయానికొక పేరా పెట్టండి. మూడు నిర్ణయాలు చాలు: శిష్యుడికి వేషం వేయడం, బుచ్చమ్మ ఇల్లు దాటడం, ముద్దు దగ్గర మధురవాణి ఆగిపోవడం. ఒక్కోదానికి నాటకంలోంచి ఒక సంభాషణ తీసుకుని, ఆ మాటల్లో ఏముంది, ఏం లేదు చూపించండి. "గురజాడ సందేశం ఏమిటంటే" అని మొదలయ్యే వాక్యం ఎక్కడా రాయొద్దు. మీ తీర్పు చెప్పడానికి మాత్రం భయపడకండి. కారణాలన్నీ అర్థం చేసుకున్నంత మాత్రాన అన్నీ క్షమించాలని లేదు. అగ్నిహోత్రావధాన్లకు కోర్టు ఖర్చులు ఉన్నాయని తెలిసినా పద్ధెనిమిది వందలకు కూతుర్ని ఇవ్వడం తప్పే.

టైమ్ ఉంటే మీనాక్షిని కూడా కలుపుకోండి. లుబ్ధావధాన్ల కూతురు, ఈమె కూడా వితంతువే. ఈమెకు ఆశ పెట్టి వాడుకుని చేతులు దులుపుకున్నది రామప్పపంతులు. బుచ్చమ్మను సౌజన్యారావు పూనాలోని వితంతు శరణాలయానికి పంపి చదివిస్తానంటాడు. గిరీశం, రామప్పపంతులు ఇద్దరూ పెళ్ళి మాటే వాడారు. ఒకడు ఆశ్రయం దాకా తీసుకొచ్చాడు, ఒకడు వీధిలో వదిలేశాడు. ఆ తేడా వాళ్ళ ఉద్దేశాల్లో ఉందా, లేక వాళ్ళకు ఎదురైన మనుషుల్లో ఉందా అన్నది మీ వ్యాసంలో నేను చదవాలనుకునే ప్రశ్న. నా ఓటు రెండోదానికి. మీరు మొదటిదానికి వాదించగలిగితే ఇక్కడే రాయండి, తప్పకుండా చదివి జవాబిస్తాను.